పేరు లేని రచనకు ప్రతిఫలం

కావ్యం వల్ల కలిగే ప్రయోజనాలను లెక్కించిన ఆలంకారికులలో పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు తన కావ్యప్రకాశంలో యశస్సును మొదట, ధనాన్ని ఆ తరువాత చెప్పి, యశస్సుకు కాళిదాసు వంటి వారిని, ధనానికి శ్రీహర్షుని వలన సంపద పొందిన ధావకుని వంటి వారిని ఉదాహరణగా చూపాడు. ఈ చిన్న వాక్యాన్ని విడమరచిన తరువాతి వ్యాఖ్యాతలు కొందరు, రత్నావళి నాటికను ధావకుడే రచించి, రాజైన శ్రీహర్షుని పేరిట విడిచిపెట్టి, అందుకు ధనం పుచ్చుకున్నాడని వివరించారు. ఆధునిక పరిశోధకులందరూ ఈ కథనాన్ని ఒప్పుకోలేదు. కొన్ని ప్రతులలో ధావకునికి మారుగా బాణుని పేరు ఉన్నందువల్ల మూలపాఠం మీదనే వాదం ఉంది. కథనం నిజమైనా కాకపోయినా, రచయితకు రావలసిన రెండు ఫలాలను విడదీసి, ఒకదానిని మరొకరికి ఇచ్చి రెండవదానిని తాను ఉంచుకునే ఏర్పాటు సాధ్యమేనని ఆ వ్యాఖ్యాతలకు తోచింది. ఈనాడు ఘోస్ట్ రైటింగ్ అని పిలుస్తున్న జీవనోపాధికి మూలసూత్రం ఇదే. ఈ ప్రసంగానికి విషయం ఆ ఉపాధి, అందులోని పనితనం, దానికి దక్కవలసిన ప్రతిఫలం.

ఘోస్ట్ రైటర్ అంటే మరొకరి పేరు మీద వెలువడే రచనను, ఆ వ్యక్తి కోరిక మీద, ప్రతిఫలం తీసుకొని రాసిపెట్టే వ్యక్తి. తెలుగులో దీనికి అజ్ఞాత రచయిత, అదృశ్య రచయిత అనే మాటలు అప్పుడప్పుడు కనిపించినా ఏదీ గట్టిగా స్థిరపడలేదు. చిత్రపరిశ్రమలో ‘ఘోస్టు’ అన్న పొట్టిమాటే వాడుకలో ఉంది. చూడడానికి దగ్గరగా ఉండే ఇతర పనుల నుండి దీనిని వేరుచేయాలి. కలం పేరుతో రాసేవారు తమ పేరును మార్చుకుంటారే గాని మరొకరికి ఇవ్వరు. గ్రంథచౌర్యంలో అసలు రచయిత సమ్మతి ఉండదు. లేఖకుడు చెప్పినదానిని చెప్పినట్టు రాస్తాడు. తిక్కన చెబుతూ ఉండగా కుమ్మరి గురునాథుడు భారతాన్ని రాశాడన్న ఐతిహ్యంలో గురునాథుని పేరు దాగలేదు, కర్తృత్వం చేతులు మారలేదు. ఘోస్ట్ రైటర్ విషయంలో వాక్యం, అధ్యాయాల కూర్పు, మాటల ఎంపిక ఒకరివి. అనుభవం, పేరు, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పవలసిన బాధ్యత మరొకరివి.

ఇంకొకరి గొంతులోకి ప్రవేశించి రాయడం తక్కువ స్థాయి విద్య అనుకునేవారు ఎర్రనను గుర్తు చేసుకోవాలి. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆపిన భారతాన్ని పధ్నాలుగో శతాబ్దంలో పూరించినప్పుడు, ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయంలో ఉన్న ఎర్రన ఆ శేషభాగాన్ని తన ప్రభువు పేరిట గాక, నన్నయకు కృతిపతియైన రాజరాజనరేంద్రుని పేరిటనే, అంటే దాదాపు మూడు శతాబ్దాల కిందటి రాజును సంబోధిస్తూనే నడిపాడు. ఆరంభంలో నన్నయ ధోరణిని పట్టుకొని, పర్వం ముగిసేసరికి తిక్కన ధోరణికి చేర్చి, రెండు శైలుల మధ్య అతుకు కనబడకుండా చేశాడని సాహిత్య చరిత్రకారులు ఆయనను ప్రశంసించారు. ఎర్రన ఎవరి వద్దా కూలి పుచ్చుకొని ఈ పని చేయలేదు, పర్వాంతంలో తన పేరు చెప్పుకున్నాడు కూడా. కనుక ఆయనను ఘోస్ట్ రైటర్ అనడం సరికాదు. అయితే తన సొంత నడకను అదుపులో పెట్టుకొని మరొకరి నడకలో అంతదూరం నడవగలగడం ఎంతటి ప్రతిభో తెలుసుకోవడానికి తెలుగులో ఇంతకంటె పెద్ద నిదర్శనం దొరకదు. పేర్ల విషయానికి వస్తే, గోన బుద్ధారెడ్డి తన తండ్రి విఠలుని పేరిట రామాయణం రచించినట్టు ఆ కావ్యమే చెబుతున్నా, లోకంలో అది రంగనాథ రామాయణంగానే నిలిచిపోయి, ఆ రంగనాథుడు ఎవరన్న చర్చకు తావిచ్చింది.

రాజసభలను విడిచి రిజిస్ట్రేషన్ కార్యాలయం వరండాకు వస్తే, తెలుగు సమాజం ఈ ఏర్పాటును ఎంత నిజాయితీగా వాడుకున్నదో కనిపిస్తుంది. పొలం అమ్మే రైతు తరఫున దస్తావేజు లేఖరి రాసే పత్రం ఉత్తమ పురుషలోనే ఉంటుంది: ఫలానా గ్రామ కాపురస్థుడనైన నేను, ఫలానా వారికి వ్రాయించి ఇచ్చిన విక్రయ దస్తావేజు ఏమనగా, అంటూ అది మొదలవుతుంది. ‘వ్రాసి ఇచ్చిన’ అనకుండా ‘వ్రాయించి ఇచ్చిన’ అనడంలో ఉన్న ఒక్క ప్రేరణార్థక ప్రత్యయం మొత్తం సత్యాన్ని చెప్పేస్తుంది. మాట రైతుది, రాత మరొకరిది. ఈ సంగతి ఎవరి నుండీ దాచలేదు. పత్రం చివర అమ్మినవారి సంతకం లేక వేలిముద్ర, సాక్షుల సంతకాలు ఉన్నచోటనే దస్తావేజు వ్రాసినవారి సంతకమూ ఉంటుంది. కలెక్టరు కార్యాలయాల ముందు అర్జీలు రాసేవారు, చదువురాని తల్లుల తరఫున గల్ఫ్ దేశాలలోని కొడుకులకు ఉత్తరాలు రాసిపెట్టినవారు కూడా ఈ కోవకే చెందుతారు. ఆ ఉత్తరాలలో తల్లి అన్న మాటను తల్లి అన్నట్టుగానే రాయగలిగిన వ్యక్తికే మళ్ళీ మళ్ళీ పని దొరికేది.

ఈనాటి తెలుగు ఘోస్ట్ రైటర్‌కు పని ఇచ్చేవారు వేరు. పారిశ్రామికవేత్తలు, వైద్యులు, రాజకీయ నాయకులు, విశ్రాంత అధికారులు తమ జీవితకథలను రాయించుకుంటారు. విదేశాలలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రుల జీవితాన్ని పుస్తకంగా వేయించి షష్టిపూర్తికో, సహస్ర చంద్రదర్శనానికో బంధువులకు పంచుతారు. సభలలో చదివే ప్రసంగాలు, పత్రికలలో ప్రముఖుల పేరిట వచ్చే వ్యాసాలు, సినిమా సంభాషణలు సరేసరి. వీటన్నింటిలో జీవితకథ కష్టమైనది, కాలం పట్టేది. రెండు వందల పేజీల పుస్తకానికి పలు విడతలుగా ఇరవై ముప్పై గంటల సంభాషణను రికార్డు చేయవలసి రావచ్చు. ఒక గంట మాటను అక్షరరూపంలో పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆ తరువాత గాని అసలు రచన మొదలు కాదు. మాట్లాడేవారు కాలక్రమంలో మాట్లాడరు. పెళ్ళి గురించి చెబుతూ అప్పు దగ్గరికి, అప్పు గురించి చెబుతూ తమ్ముడి మరణం దగ్గరికి వెళ్ళి, అక్కడ ఆగిపోతారు. ఎక్కడ ఆగిపోయారో గుర్తుపెట్టుకొని, మరొక రోజు మెల్లగా అక్కడికి తీసుకువెళ్ళడం రచయిత చేయవలసిన పని, అయితే ఒప్పందంలో ఏ పద్దు కిందా అది కనిపించదు.

పనితనం ఎక్కడ ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో దగ్గరగా చూడవచ్చు. కరీంనగర్ ప్రాంతంలో పుట్టి, హైదరాబాదులో వ్యాపారంలో పైకి వచ్చిన పెద్దమనిషి ఒకరు తన బాల్యం గురించి ఇలా చెప్పారనుకోవాలి: “మా నాయిన తెల్లారకముందే బాయికాడ మోట కొడుతుండె. నేను బడికి పొయ్యేటప్పుడు ఆ గిరక సప్పుడు ఊరవతలి దాకా ఇనవడేది. ఆ సప్పుడు బందైన్నాడు నా బడి గూడ బందైంది.” అనుభవం లేని రచయిత దీనిని ‘కరువు కాటకాల నడుమ, పేదరికపు నీడలో ఆయన బాల్యం గడిచింది’ అన్న ధోరణిలోకి మార్చేస్తాడు. ఆ వాక్యం ఏ జిల్లాలో పుట్టిన ఏ మనిషికైనా సరిపోతుంది. అందువల్ల ఎవరిదీ కాదు. పని తెలిసిన రచయిత గిరకను వదలడు. పుస్తక భాషకు తేవలసి వస్తే ‘తెల్లవారకముందే మా నాయన బావి దగ్గర మోట కొట్టేవాడు, బడికి పోయే దారిలో ఊరి అవతలి దాకా ఆ గిరక చప్పుడు వినబడేది, ఆ చప్పుడు ఆగిన రోజునే నా చదువూ ఆగింది’ అని రాసి, ‘నాయన’ను ‘నాన్నగారు’ చేయకుండా, ‘చప్పుడు’ను ‘శబ్దం’ చేయకుండా ఉంచుతాడు. ఆ తరువాత, గిరక ఎందుకు ఆగింది, బావి ఎండిందా, ఎద్దు చనిపోయిందా, తండ్రి జబ్బు పడ్డాడా అని అడుగుతాడు. అధ్యాయం మొత్తం ఆ ప్రశ్నకు దొరికే జవాబులో ఉంటుంది. ఇటువంటి రచన అచ్చయినప్పుడు చదివినవారు ‘అచ్చంగా ఆయన మాట్లాడుతున్నట్టే ఉంది’ అంటారు. ఘోస్ట్ రైటర్‌కు ఇంతకు మించిన మెప్పు రాదు, అది కూడా ఆయన పేరు మీద రాదు.

ఇంతటి పనికి ప్రతిఫలం ఏ లెక్కన ఇవ్వాలన్న దానికి అంతటా అంగీకరించే కొలత లేదు. పేజీకి ఇంతని, ఫారానికి, అంటే పదహారు పేజీల అచ్చు మడతకు ఇంతని, లేదా పుస్తకం మొత్తానికి కలిపి ఇంతని మాట్లాడుకుంటారు. పేజీల లెక్కన తీసుకుంటే వినడానికి, తిరగడానికి, తిరగరాయడానికి పట్టిన కాలం లెక్కలోకి రాదు. అమెరికాలో రెండు ప్రసిద్ధ ఉదాహరణలు ఈ విషయంలో రెండు కొసలుగా కనిపిస్తాయి. 1930లో మొదలైన నాన్సీ డ్రూ బాలికల డిటెక్టివ్ నవలలు కారొలిన్ కీన్ అనే కల్పిత నామంతో వెలువడ్డాయి. ఆ పేరును సొంతం చేసుకున్న స్ట్రాటెమేయర్ సిండికేట్ అనే సంస్థ కథాసంగ్రహం ఇచ్చి నవల రాయించుకొని, గుత్తగా సొమ్ము చెల్లించేది. మొదటి ముప్పై నవలలలో ఇరవై మూడింటిని రాసిన మిల్డ్రెడ్ విర్ట్ బెన్సన్‌కు తొలి పుస్తకాలకు ఒక్కొక్కదానికి ముట్టినది 125 డాలర్లు. ఎన్ని లక్షల ప్రతులు అమ్ముడైనా రాయల్టీ లేదు. 1980లో ప్రచురణకర్తల మధ్య నడిచిన దావాలో ఆమె సాక్ష్యం చెప్పే దాకా ఆమె పాత్ర చాలామంది పాఠకులకు తెలియలేదు. దీనికి భిన్నంగా, 1987లో డొనాల్డ్ ట్రంప్ పుస్తకం ‘ది ఆర్ట్ ఆఫ్ ది డీల్’ రాసిన టోనీ ష్వార్ట్జ్ అడ్వాన్సులో సగం, రాయల్టీలో సగం అడిగి తీసుకోవడమే గాక, అట్ట మీద తన పేరునూ వేయించుకున్నాడు. ఇద్దరికీ తేడా ప్రతిభలో లేదు. పని మొదలుపెట్టక ముందు కాగితం మీద ఏమి రాసుకున్నారన్న దానిలో ఉంది.

తెలుగువారికి ఈ విషయం మద్రాసు చిత్రపరిశ్రమ ద్వారానే ఎక్కువగా పరిచయమైంది. బెన్సన్ పుట్టిన 1905లోనే పుట్టిన మల్లాది రామకృష్ణశాస్త్రి తెలుగు కథకులలో అగ్రశ్రేణికి చెందినవారు. మాటలోని నుడికారాన్ని అంత గారాబంగా వాడినవారు తక్కువ. ఆయన చలనచిత్ర రంగంలో చాలాకాలం సముద్రాల రాఘవాచార్యుల వెనుక ఉండి పాటలు, మాటలు సమకూర్చారని, 1953 నాటి దేవదాసు పాటలలో ఆయన చేయి ఉందని సాహిత్యకారులలో, సినీ అభిమానులలో దశాబ్దాలుగా చర్చ నడుస్తున్నది. చిత్రం టైటిళ్ళలో ఉన్న పేరు సముద్రాలది. ఆయన స్వయంగా సమర్థుడైన రచయిత అనడంలో సందేహం లేదు గనుక, చర్చ ఒక కొలిక్కి రాలేదు. పాటలలోని పలుకుబడిని పట్టి ఒకరు మల్లాది వారివంటారు, మరొకరు కాదంటారు. మల్లాది 1965లోను, సముద్రాల 1968లోను కాలం చేశారు. ఇద్దరిలో ఎవరికీ అన్యాయం చేయకుండా ఈ చిక్కును విప్పగల మార్గం ఈనాడు కనిపించదు. రాతకోతలు లేని పని ఎవరికి నష్టం చేస్తుందని అడిగితే, రాసిన వ్యక్తికి మాత్రమే కాదు, పేరు ఉన్న వ్యక్తికీ చేస్తుందని ఈ చర్చ చూపుతున్నది; ఎందుకంటే ఆయన నిజంగా రాసిన పాటల మీద కూడా అనుమానం నీడ పడింది.

చట్టం ఏమి చెబుతున్నదో తెలుసుకోవడం ఈ వృత్తిలో ఉన్నవారికి భాషాజ్ఞానమంత అవసరం. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం, రచనకు తొలి హక్కుదారు దానిని రాసిన వ్యక్తి. జీతానికి కుదిరి ఉద్యోగ ధర్మంగా రాసినప్పుడు మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని హక్కుదారు అవుతాడు. కనుక స్వతంత్రంగా పనిచేసే ఘోస్ట్ రైటర్ రాసిన పుస్తకం మీద హక్కు, డబ్బు ముట్టినంత మాత్రాన చేతులు మారదు. 19వ సెక్షన్ కోరినట్టు లిఖితపూర్వకంగా, సంతకంతో బదిలీ జరగాలి. ఆ పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. బహిరంగంగా చేసిన ప్రసంగాలకు నియమం వేరు: వాటికి తొలి హక్కుదారు ప్రసంగించిన వ్యక్తే. ఇక 57వ సెక్షన్ రచయితకు నైతిక హక్కులు అనదగిన రెండింటిని ఇస్తుంది. రచన తనదేనని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దానిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. కాపీరైటును అమ్ముకున్న తరువాత కూడా ఇవి నిలుస్తాయి. ఘోస్ట్ రైటింగ్ ఒప్పందాలలో గోప్యతా షరతు ప్రధానంగా ఉండడానికి కారణం ఇదే. మొదటి హక్కును ఆ షరతు ఎంతవరకు కట్టిపెట్టగలదన్నది న్యాయవాదులు వాదించుకోవలసిన విషయం.

2012లో ఈ చట్టానికి చేసిన సవరణ సినిమా పాటల రచయితలకు పెద్ద మేలు చేసింది. చిత్రంలో చేరిన సాహిత్యం థియేటరులో చిత్రంతోపాటు కాక మరే మాధ్యమంలో, రేడియోలో గాని, టెలివిజన్‌లో గాని, ఇంటర్నెట్‌లో గాని వినిపించినా, దాని మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకోవడానికి వీలులేకుండా, వదులుకున్నట్టు రాసి ఇచ్చినా చెల్లకుండా చేసింది. ఆ వాటా చట్టబద్ధ వారసులకు గాని, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సంఘానికి గాని మాత్రమే అప్పగించవచ్చు. అయితే ఆ సంఘం లెక్కలలో ఎవరి పేరు ఉంటే వారికే ఆ సొమ్ము చేరుతుంది. కాబట్టి ఈనాడు పాటకు పేరు వదులుకునే యువ రచయిత ఒక రోజు కీర్తిని మాత్రమే వదులుకోవడం లేదు. తన జీవితకాలం, ఆపైన మరో అరవై ఏళ్ళపాటు తన వారసులకు రాగల ఆదాయాన్ని ఒక్కసారి చేతికి వచ్చే మొత్తానికి మార్చుకుంటున్నాడు. అవకాశం దొరకదేమోనన్న భయంతో ఇరవై రెండేళ్ళ వయస్సులో నోటిమాట మీద ఈ మార్పిడికి ఒప్పుకునేవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది. రచయితల సంఘంలో కథను, సంభాషణలను ముందుగా నమోదు చేయించడం, తేదీలతో ప్రతులు దాచుకోవడం వంటి జాగ్రత్తలు ఖర్చు తక్కువైనవి, ఫలితం ఎక్కువైనవి.

పుస్తక రచనలో కూడా బయానా ఎంత, తొలి ప్రతి అందజేసినప్పుడు ఎంత, అచ్చుకు పోయేటప్పుడు ఎంత, ఎన్నిసార్లు తిరగరాయాలి, పని మధ్యలో ఆగిపోతే అప్పటివరకు రాసినది ఎవరిది, చెప్పిన వ్యక్తి మరణిస్తే కుటుంబం మాట నిలబెట్టుకుంటుందా, కృతజ్ఞతల పేజీలో పేరు ఉంటుందా అన్నవి పని మొదలుకాక ముందే తేల్చుకోవలసినవి. వీటిలో చివరిది డబ్బుతో సంబంధం లేనిదే అయినా, తరువాతి పని సంపాదించుకోవడానికి రచయిత చేతిలో ఉండే ఆధారం అది ఒక్కటే కావచ్చు. జాన్ కెనడీ పేరిట 1956లో వచ్చి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందిన ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ పీఠికలో, సహాయకుడైన టెడ్ సోరెన్సెన్‌కు కృతజ్ఞత చెప్పారు. చాలా అధ్యాయాల తొలి చిత్తుప్రతి తనదేనని సోరెన్సెన్ ఒప్పుకున్నది మాత్రం 2008 నాటి తన జ్ఞాపకాల పుస్తకంలో, అర్ధశతాబ్దం గడిచిన తరువాత.

ఆ బహుమతి మరొక ప్రశ్నను లేవనెత్తుతుంది: పేరు మార్పిడి ఎక్కడ మోసమవుతుంది? జీవితకథలో పాఠకుడు కోరేది ఆ వ్యక్తి అనుభవాన్ని. దానిని వాక్యాలుగా కూర్చినవారు వేరైనా పాఠకునికి అందవలసినది అందుతుంది. పరిశోధన సిద్ధాంతగ్రంథం అటువంటిది కాదు. పట్టా ఇచ్చేదే ఆ వ్యక్తి స్వయంగా ఆలోచించి రాయగలడన్న ధ్రువీకరణగా. కనుక డబ్బు తీసుకొని సిద్ధాంతగ్రంథం రాసిపెట్టడం ఘోస్ట్ రైటింగ్ అనే పేరుకు తగదు, అది విశ్వవిద్యాలయాన్ని, రేపు ఆ పట్టా చూసి పాఠం వినే విద్యార్థులను మోసగించడమే. ఔషధ సంస్థలు రాయించి వైద్య నిపుణుల పేరిట ప్రచురించే వ్యాసాలూ అంతే. అక్కడ నష్టపోయేది రోగి. ఇల్లు గడవని రచయితకు ఇటువంటి పనులే ఎక్కువ డబ్బు చూపుతాయన్నది నిజం. అయినా వాటిని కాదనవలసిందే; కాదనగల స్థితి రచయితకు కలగాలంటే నిజాయితీ గల పనులకు సరైన కూలి దొరకాలి.

దేవదాసు పాటలు ఈనాటికీ రేడియోలో వస్తూనే ఉన్నాయి. పాటకు ముందు అనౌన్సర్ చిత్రం పేరు, గాయకుని పేరు, సంగీత దర్శకుని పేరు చెప్పి, రచన ఫలానా వారిదని చదువుతారు. ఆ చదివేది రికార్డు మీద అచ్చయి ఉన్న పేరు.